ఒక జబ్బు చాటున ఇంకో జబ్బు: సిస్టిక్ ఫైబ్రోసిస్, సీలియాక్, ఎముకల బలం

ఊపిరితిత్తుల్లో, క్లోమంలో (పాంక్రియాస్) జిగట స్రావాలు చిక్కగా పేరుకుపోయే జన్యు జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్. 1938కి ముందు దాన్ని వైద్యులు విడిగా గుర్తించలేదు. ఎంత తిన్నా ఒళ్లు పట్టని పిల్లలు, పొట్ట ఉబ్బి జిడ్డు విరేచనాలతో చిక్కి శల్యమైన పిల్లలు చాలామంది సీలియాక్ పద్దులోకే పోయేవారు. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ మీద రోగనిరోధక వ్యవస్థ తిరగబడి చిన్నపేగు దెబ్బతినే జబ్బును ఇప్పుడు సీలియాక్ అంటున్నాం. న్యూయార్క్‌లోని బేబీస్ హాస్పిటల్‌లో పాథాలజిస్టుగా పనిచేసిన డోరతీ ఆండర్సన్, సీలియాక్‌తో చనిపోయిందనుకున్న ఒక బిడ్డకు శవపరీక్ష చేస్తే క్లోమ గ్రంథి నిండా తిత్తులు, పీచులా గట్టిపడిన కణజాలం కనిపించాయి. అలాంటి కేసులే మరికొన్ని వెతికి పట్టుకుని, ఇది వేరే జబ్బు అని 1938లో ప్రచురించారు. అసలు సీలియాక్‌కు గోధుమతో ఉన్న లంకె ఆ తరువాత, 1940ల్లో, డచ్ పిల్లల వైద్యుడు విలెం డికె పరిశీలనలతో తేలింది.

అప్పట్లో సీలియాక్ అనే పేరు కింద సిస్టిక్ ఫైబ్రోసిస్ కనబడకుండా పోయేది. ఇప్పుడు సరిగ్గా దానికి తలకిందులుగా జరుగుతోంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అని ఒకసారి ఫైలు మీద రాశాక, బరువు పెరగకపోయినా, విరేచనాలు తగ్గకపోయినా, ఎముకలు పలచబడినా అన్నీ దాని ఖాతాలోనే పడుతున్నాయి. సీలియాక్ కూడా ఉందేమోనన్న ప్రశ్న ఆలస్యంగా వస్తుంది, చాలాసార్లు అసలు రాదు. దక్షిణాదిలో ఈ ఆలస్యానికి ఇంకో కారణం తోడైంది. సీలియాక్ అంటే పంజాబు, హర్యానా వాళ్ల జబ్బు, అన్నం తినేవాళ్లకెందుకు వస్తుంది అనే నమ్మకం డాక్టర్లలోనూ ఉంది, ఇళ్లలోనూ ఉంది. ఆ నమ్మకంలో కొంత నిజం లేకపోలేదు. ఎంత నిజమో చూడాలి.

దేశంలో ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పెద్దలను పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో సీలియాక్ ఉత్తరాదిలో నూటికి 1.23 మందిలో, ఈశాన్యంలో 0.87 మందిలో కనిపించింది. దక్షిణాదిలో 0.10 మాత్రమే. అంటే వెయ్యికి ఒకరు. ఈ తేడా చూసి తృప్తిపడి ఊరుకోవడానికి వీల్లేదు. ఈ జబ్బు రావాలంటే రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్లో డీక్యూ2 లేదా డీక్యూ8 అనే రకాలు ఉండాలి. అవి ఉన్నవాళ్ల శాతం ఉత్తరాదిలోనూ దక్షిణాదిలోనూ దాదాపు సమానమే, మూడో వంతుకు కాస్త పైన. తేడా కంచంలో ఉంది. ఆ అధ్యయనంలోనే ఉత్తరాదిలో రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే దక్షిణాదిలో 25 గ్రాములు తింటున్నట్టు తేలింది. జన్యువులు సిద్ధంగానే ఉన్నాయి, వాటిని రెచ్చగొట్టే గోధుమే పొట్టలోకి పెద్దగా వెళ్లలేదు.

ఇక బెంగళూరు సంగతి. అనంతపురం నుంచో మదనపల్లె నుంచో వచ్చి మారతహళ్లిలో, కేఆర్ పురంలో స్థిరపడిన తెలుగు కుటుంబం 25 గ్రాముల దగ్గర ఆగుతుందా? షుగర్ భయంతో రాత్రిపూట అన్నం మానేసి చపాతీ, పీజీ హాస్టల్లో రోజూ చపాతీ, పొద్దున చౌచౌ బాత్ తింటే అందులోని ఖారా బాత్, కేసరి బాత్ రెండూ బొంబాయి రవ్వే, సాయంత్రం అయ్యంగార్ బేకరీలో పఫ్ లేదా ఖారా బన్, స్కూలు డబ్బాలో నూడుల్స్, ఆదివారం పరోటా. ఇలా లెక్కేస్తే వరి తినే ఇంట్లో కూడా గోధుమ చాలానే పోగవుతుంది. వెయ్యికి ఒకరు అన్న అంకె ఈ ఇళ్లకు అలాగే వర్తిస్తుందనుకోవడం తొందరపాటు.

సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవారిలో ఆ లెక్క ఇంకా మారుతుంది. యూరప్‌లో ఈ రోగులను వరసగా పరీక్షించిన చోట్ల నూటికి ఒకరు నుంచి ఇద్దరి దాకా సీలియాక్ బయటపడింది, అక్కడి మామూలు జనంలో కంటే ఇది ఎక్కువ. ఎందుకిలా అన్నదానికి 2019లో ఒక ఆసక్తికరమైన జవాబు దొరికింది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో దెబ్బతినేది సీఎఫ్‌టీఆర్ అనే ప్రొటీన్. కణాల గోడల్లో క్లోరైడ్ రాకపోకలకు అది దారి. 7వ క్రోమోజోము మీద ఉన్న దాని జన్యువును 1989లో కనుక్కున్నారు. గోధుమ గ్లూటెన్‌లో భాగమైన గ్లయాడిన్ నుంచి విడిపోయే ఒక చిన్న ముక్క పేగు కణాల్లో ఇదే సీఎఫ్‌టీఆర్‌కు అతుక్కుని దాని పని ఆపేస్తుందని, దాంతో కణం ఒత్తిడికి లోనై రోగనిరోధక వ్యవస్థ గ్లూటెన్ మీద తిరగబడటానికి అనువైన వాతావరణం ఏర్పడుతుందని ప్రయోగశాలలో చూపించారు. పుట్టుకతోనే ఆ ప్రొటీన్ పనిచేయని వాళ్ల పేగు ఆ దారిలో సగం ముందే నడిచి ఉంటుందన్నమాట. ప్రయోగశాలలో తేలింది రోగి ఒంట్లో అచ్చంగా అలాగే జరుగుతుందని చెప్పలేం గానీ, రెండు జబ్బులూ ఒకే మనిషిలో కలవడం కాకతాళీయం కాకపోవచ్చన్న అనుమానానికి దీనివల్ల బలం వచ్చింది.

మన దగ్గర సిస్టిక్ ఫైబ్రోసిస్ ఎంతమందికి ఉందన్నదే అంచనాల మీద నడుస్తోంది. విదేశాల్లో స్థిరపడిన భారత సంతతి పిల్లల లెక్కలను బట్టి 10 వేల జననాలకు ఒకరి నుంచి 40 వేలకు ఒకరి దాకా చెబుతారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యు ప్రతులు కలిస్తేనే జబ్బు వస్తుంది కాబట్టి మేనరికాలు ఉన్నచోట దీని గురించి మాట్లాడక తప్పదు. తమిళనాడు, కర్ణాటకల్లో నాలుగో వంతుకు పైగా పెళ్లిళ్లు ఇప్పటికీ రక్తసంబంధీకుల మధ్యే జరుగుతున్నాయి. బిడ్డను ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉందన్న తల్లి మాటను తేలిగ్గా కొట్టేయకుండా చెమట పరీక్షకు పంపితే దారి దొరుకుతుంది. చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్ లేదా అంతకు మించితే జబ్బు ఉన్నట్టే లెక్క.

ఈ రోగుల్లో సుమారు 85 శాతం మందికి క్లోమ రసం పేగులోకి చేరదు. కొవ్వు అరగదు, దానితో పాటు కొవ్వులో కరిగే ఏ, డీ, ఈ, కే విటమిన్లూ బయటికి పోతాయి. అందుకే ప్రతి భోజనంతోనూ ఎంజైమ్ కాప్సూల్స్ మింగాలి. ఇవి పంది క్లోమం నుంచి తీసేవి. శాకాహార కుటుంబాల్లో ఈ విషయం తెలిసి వెనకాడేవారూ ఉన్నారు, ఆ సంగతి డాక్టరు ముందే విప్పి చెప్పడం మేలు, ఎందుకంటే వీటికి సమానమైన ప్రత్యామ్నాయం ఇంకా లేదు.

చిక్కుముడి పడేది ఈ కాప్సూల్స్ దగ్గరే. విరేచనాలు జిడ్డుగా ఉన్నాయంటే మోతాదు పెంచుతారు. ఇంకా తగ్గకపోతే ఇంకా పెంచుతారు. దీనికి ఒక హద్దుంది. కొవ్వును అరిగించే ఎంజైమ్ లైపేజ్, కిలో బరువుకు రోజుకు 10 వేల యూనిట్లు దాటకూడదు. 1990ల్లో ఎడాపెడా పెద్ద మోతాదులు వాడిన కొందరు పిల్లల్లో పెద్దపేగు గట్టిపడి సన్నబడిపోయింది, ఆ అనుభవం నుంచి పుట్టిన హద్దు ఇది. మోతాదు హద్దు దాకా వచ్చింది, కాప్సూల్ వేళకు పడుతోంది, వేడిలో నిల్వ చేసి పాడుచేయలేదు, తినే తీరూ సరిగానే ఉంది, అయినా బిడ్డ బరువు పెరగడం లేదంటే అప్పుడు తప్పు క్లోమానిది మాత్రమే కాకపోవచ్చు. కాప్సూల్ కొవ్వును అరిగించగలదు. అరిగినదాన్ని లోపలికి తీసుకోవలసింది చిన్నపేగు గోడ మీద వేళ్లలా పొడుచుకొచ్చే ఆంత్రచూషకాలు (విల్లై). సీలియాక్‌లో నేలమట్టమయ్యేది అవే. ఈ దశలో ఎంజైమ్ ఎంత పోసినా ఉపయోగం ఉండదు.

ఇంకొన్ని సూచనలూ ఉంటాయి. మందులు వాడినా తగ్గని రక్తహీనత, ఐరన్ టానిక్‌కు లొంగని హిమోగ్లోబిన్. ఎత్తు ఎదగకపోవడం, రజస్వల కావడం బాగా ఆలస్యమవడం. పాలు పడటం లేదని ఇంట్లో పాలు ఆపేయడం కూడా గమనించదగ్గదే. చూషకాలు దెబ్బతింటే వాటి అంచున ఉండే, పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ కూడా పోతుంది, పాలు తాగితే కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి. ఇంటివాళ్లు పాలదే తప్పని మానిపిస్తారు. అసలు నేరం గోధుమది, శిక్ష పాలకు పడింది, చివరికి కాల్షియం కోత పడింది ఎముకలకు.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. రక్తంలో టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేజ్ ఐజీఏ యాంటీబాడీలు, దానితో పాటే మొత్తం ఐజీఏ చూడాలి. ఐజీఏ అనే యాంటీబాడీ రకమే తక్కువగా ఉన్న మనిషికి మొదటి పరీక్ష ఉన్న జబ్బును లేనట్టు చూపి మోసం చేస్తుంది. పాత గ్లయాడిన్ యాంటీబాడీ పరీక్షను సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో నమ్మడానికి లేదు, సీలియాక్ లేకపోయినా అది పాజిటివ్ వస్తుంటుంది. యాంటీబాడీలు ఉంటే ఎండోస్కోపీలో చిన్నపేగు మొదటి భాగం నుంచి ముక్కలు తీసి చూస్తారు. దక్షిణాదిలో ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చూషకాలు పొట్టిబడ్డాయంటే అది సీలియాకే కానక్కరలేదు, ఉష్ణ దేశాల్లో కనిపించే ట్రాపికల్ స్ప్రూ అనే పేగు జబ్బు, జియార్డియా అనే పరాన్నజీవి వంటివీ అదే పని చేస్తాయి. అందుకే బయాప్సీ, యాంటీబాడీలు పక్కపక్కన పెట్టుకుని చదవాలి. అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు వేరే ఉంది. ఎవరో చెప్పారని పరీక్షకు ముందే గోధుమ మానేస్తారు. మానేసిన కొన్ని నెలలకు యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు కోలుకుంటుంది, జబ్బు ఉందో లేదో తేల్చలేని స్థితి వస్తుంది. మళ్లీ వారాల తరబడి గోధుమ తినిపించి పరీక్షించాలంటే అప్పటికే బక్కచిక్కిన బిడ్డకు అది అదనపు బాధ.

ఎముకల లెక్క ఇప్పుడు తీయాలి. సీలియాక్ లేకపోయినా సిస్టిక్ ఫైబ్రోసిస్ ఒక్కటే ఎముకలను పలచబరుస్తుంది. పెద్దలైన రోగులపై వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే సుమారు నాలుగో వంతు మందికి ఎముకలు గుల్లబారినట్టు, మరో మూడో వంతుకు మించి సాంద్రత తగ్గినట్టు తేలింది. దీనికి దారులు అనేకం. విటమిన్ డీ అందదు. విటమిన్ కే అందక ఆస్టియోకాల్సిన్ అనే ఎముక ప్రొటీన్ సరిగా తయారవదు, తరచూ వాడే యాంటీబయాటిక్స్ పేగులో విటమిన్ కే తయారుచేసే సూక్ష్మజీవులనూ చంపేస్తాయి. ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి సాగే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి వదిలే రసాయనాలు ఎముకను కరిగించే కణాలను ఉసిగొల్పుతాయి. స్టెరాయిడ్లు, ఆలస్యమైన యవ్వనం, ఆయాసం వల్ల తగ్గిన ఆటలు, ఈ జబ్బు తెచ్చే మధుమేహం తలో చెయ్యీ వేస్తాయి. పైగా సీఎఫ్‌టీఆర్ ఎముకను కట్టే కణాల్లోనూ ఉంటుంది కాబట్టి లోపం నేరుగా ఎముకలోనే ఉందనే వాదన కూడా గట్టిదే.

సీలియాక్ చేరితే ఇది రెండు చిల్లులున్న కుండ అవుతుంది. కాల్షియాన్ని అన్నిటికంటే చురుగ్గా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం, సీలియాక్ ముందుగా, గట్టిగా దెబ్బకొట్టేదీ అక్కడే. రక్తంలో కాల్షియం తగ్గబోతుంటే పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి ఎముకల్లోంచి తీసి భర్తీ చేస్తుంది. అందుకే కాల్షియం పరీక్ష ఒక్కటీ చేయించి మామూలుగా ఉందని ఊరట చెందడంలో అర్థం లేదు, రక్తంలో మామూలుగా ఉన్నది ఎముకను కొల్లగొట్టి తెచ్చినదీ కావచ్చు. విటమిన్ డీ, పారాథైరాయిడ్ హార్మోన్, ఎముక మార్పును సూచించే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైమ్ కలిపి చూస్తే అసలు పరిస్థితి తెలుస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో విటమిన్ డీ మిల్లీలీటరుకు 30 నానోగ్రాములకు తగ్గకూడదన్నది లక్ష్యం. ఎన్ని వేల యూనిట్లు మింగినా అది 30 దాటడం లేదంటే, ఆ ఒక్క కాగితమే సీలియాక్ పరీక్షకు సిఫారసు లేఖ అనుకోవచ్చు.

ఈ రోగుల్లో ఎముక విరిగితే నష్టం ఎముకతో ఆగదు. పక్కటెముక విరిగినా, వెన్నుపూస కుంగినా గట్టిగా దగ్గలేరు. దగ్గి కఫం బయటికి తేవడమేమో వాళ్లకు రోజువారీ చికిత్స. కఫం నిలిస్తే ఇన్‌ఫెక్షన్, ఇన్‌ఫెక్షన్‌తో మరింత ఎముక నష్టం. వెన్ను వంగిపోతే ఛాతీ విప్పారే చోటు తగ్గుతుంది. ఊపిరితిత్తుల మార్పిడికి పేరు పెట్టుకునే దశలో ఎముకలు మరీ గుల్లబారి ఉంటే అదీ అడ్డంకే.

సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌ను పెద్దవాళ్లందరికీ చేయించాలన్నది అమెరికా సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ సూచన. తక్కువ బరువు, బాగా తగ్గిన ఊపిరి సామర్థ్యం, స్టెరాయిడ్ల వాడకం, ఆలస్యమైన యవ్వనం, ఎముక విరిగిన చరిత్ర వంటివి ఉంటే 8 ఏళ్ల నుంచే మొదలుపెట్టాలి. బెంగళూరులో స్కాన్ దొరకడం కష్టం కాదు. రిపోర్టు చదవడమే కష్టం. మెనోపాజ్ దాటిన స్త్రీల కోసం పుట్టిన, ఆరోగ్యవంతులైన యువతతో పోల్చే టీ స్కోరును 12 ఏళ్ల పిల్లాడి రిపోర్టులో అచ్చువేసి ఎముకలు గుల్లబారాయని రాసిస్తే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. పిల్లలకు, 50 ఏళ్లలోపు వారికి చూడవలసింది అదే వయసు వాళ్లతో పోల్చే జెడ్ స్కోరు. అది మైనస్ 2 లేదా అంతకు తక్కువైతే వయసుకు తగ్గట్టు లేదని అర్థం. అందులోనూ పొట్టిగా ఉన్న పిల్లల ఎముక చిన్నది కాబట్టి యంత్రం సాంద్రతను ఉన్నదానికంటే తక్కువ చేసి చూపిస్తుంది, ఎత్తుకు సరిచేసి చదవాలి. సిస్టిక్ ఫైబ్రోసిస్, సీలియాక్ రెండూ ఎత్తును తినేసేవే కాబట్టి ఈ దిద్దుబాటు లేని రిపోర్టుకు విలువ తక్కువ.

ఎండ కావలసినంత ఉన్న దేశంలో విటమిన్ డీ కొరతేమిటి అనిపిస్తుంది. తిరుపతి ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవారిని పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం ఆహారంలో కాల్షియం తక్కువని, కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్లు ఎక్కువని, విటమిన్ డీ కొరత విస్తారంగా ఉందని చూపింది. ఏ జబ్బూ లేనివారి సంగతే అది. ఏసీ ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్లలో గడిపే బెంగళూరు తెలుగువారు అంతకంటే మెరుగ్గా ఉంటారని ఆశించడానికి ఆధారం కనబడదు.

వంటింటికి వస్తే దక్షిణాదివారికి ఒక పెద్ద వెసులుబాటు ఉంది. సీలియాక్ తేలిన ఉత్తరాది కుటుంబానికి రోజువారీ భోజనమే మారిపోతుంది, మనకు అన్నం, ఇడ్లీ, దోసె, పెసరట్టు, అక్కి రొట్టె, జొన్నరొట్టె ఎక్కడికీ పోవు. సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగి మామూలు మనిషి కంటే ఎక్కువ శక్తి, ఎక్కువ కొవ్వు తినాలి. విదేశాల్లో గ్లూటెన్ మానగానే కేలరీలు పడిపోతాయని భయపడతారు, ఇక్కడ నెయ్యి దోసె, వేరుశనగ పచ్చడి, పెరుగన్నం ఆ లోటు రానివ్వవు. రాయలసీమ వారికి సంగటి, కర్ణాటక వారికి ముద్దె అయిన రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, గ్లూటెన్ లేదు. రాగుల్లోని ఫైటేట్లు కాల్షియాన్ని కొంత పట్టి ఉంచుతాయి కాబట్టి మొలకెత్తించిన పిండి, పులిసిన అంబలి ఇంకా మంచివి. 8 ఏళ్లు దాటిన సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగికి రోజుకు 1300 నుంచి 1500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటారు కనుక సంగటి ఒక్కదానితో సరిపోదు, పాలు, పెరుగు కూడా ఉండాలి. పేగు కోలుకున్నాక పాలు మళ్లీ పడతాయి, నెమ్మదిగా మొదలుపెట్టవచ్చు.

గోధుమ దొంగదారిన వచ్చే చోట్లే ప్రమాదం. అంగట్లో దొరికే ఇంగువలో చాలావరకు గోధుమపిండో మైదానో కలిపి ఉంటుంది, అంటే సాంబారు, పులిహోర, ఆవకాయ అన్నీ అనుమానితులే. ఇడ్లీ రవ్వ బియ్యానిది, బొంబాయి రవ్వ గోధుమది, రవ్వ దోసె, రవ్వ ఇడ్లీ, సేమ్యా పనికిరావు. అన్నిటికన్నా మరిచిపోయేది పిండి మర. గోధుమలు ఆడిన రాళ్ల మధ్యే రాగులు ఆడిస్తే ఆ రాగిపిండి సీలియాక్ రోగికి నికార్సయినది కాదు, ఇంట్లో చిన్న మర లేదా విడిగా మిక్సీ ఉంచుకోవడం ఖర్చయినా తప్పదు. దోసెల పెనం మీద చపాతీ కాలిస్తే కూడా అంతే. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వేయాలంటే గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. విడిగా తూచి అమ్మే పిండికి అలాంటి హామీ ఏదీ లేదు.

గ్లూటెన్ మానితే ఎముక తిరిగి వస్తుందా? సీలియాక్ ఒక్కటే ఉన్న పిల్లల్లో చాలావరకు వస్తుంది, మొదటి ఏడాదిలోనే ఎక్కువ మెరుగుదల కనిపిస్తుంది. పెద్దల్లో కొంతే వస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ కూడా ఉన్నప్పుడు రెండో చిల్లు అలాగే ఉంటుంది కాబట్టి ఎంజైములు, విటమిన్లు, ఊపిరితిత్తుల చికిత్స, బరువు మోసే వ్యాయామం ఏదీ ఆపకూడదు. ఎముక మందులుగా పేరున్న బిస్‌ఫాస్ఫొనేట్లను తొందరపడి మొదలుపెట్టడం మంచిది కాదు. నోటితో వేసుకునేవి ఆరోగ్యంగా ఉన్న పేగులోనే నూటికి ఒక వంతు కూడా ఒంటబట్టవు. సెలైన్ ద్వారా ఎక్కించేవి సాంద్రతను పెంచుతాయి గానీ సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల్లో తీవ్రమైన ఒళ్లునొప్పులు, జ్వరం తెస్తాయి, ఎముకలు విరగడం తగ్గిందని గట్టిగా రుజువు కాలేదు. విటమిన్ డీ, కాల్షియం సరిచేయకుండా ఎక్కిస్తే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోతుంది. అందుకే ముందు పేగు, ఆ తరువాత విటమిన్ డీ, ఇవి కుదిరినా ఎముకలు విరుగుతుంటే అప్పుడు ఈ మందు.

సీఎఫ్‌టీఆర్ పనితీరునే సరిచేసే మందులు 2012 నుంచి వస్తున్నాయి, వాటిలో మొదటిదైన ఐవకాఫ్టర్ వాడిన వారిలో వెన్నెముక సాంద్రత మెరుగైన దాఖలాలూ ఉన్నాయి. మూడు మందుల కలయిక 2019లో అమెరికాలో వచ్చినప్పుడు దాని ధర ఏడాదికి 3 లక్షల డాలర్ల పైమాటే. మన దగ్గరి రోగుల్లో ఐరోపావారిలో సర్వసాధారణమైన ఎఫ్508డెల్ అనే సీఎఫ్‌టీఆర్ జన్యు మార్పు తక్కువ శాతంలో కనిపిస్తుంది, కాబట్టి ఏ మార్పు ఉందో జన్యు పరీక్షలో తేలాకే ఆ మందు పనికొస్తుందో లేదో చెప్పగలరు. సీలియాక్ తేలిన రోగి తోబుట్టువులకు, తల్లిదండ్రులకు కూడా ఆ యాంటీబాడీ పరీక్ష చేయించాలి. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఈ జబ్బు మామూలు జనంలో కంటే చాలా రెట్లు ఎక్కువ, వాళ్లలో కొందరికి ఏ లక్షణమూ ఉండదు.